మొదటిసారి సొంత కారులో కేరళ కొండలకి – తిరుపతి నుంచి మున్నార్. పోయొచ్చినోళ్లు చెప్పండి

కొర్లగుంట_కుర్రోడు (తిరుపతి) – ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతా ఉన్నానే గానీ రాసేది ఇదే మొదలు. ఎనిమిది నెలల కింద సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న డీజిల్ కారు తీసుకున్నా. మామూలు గేర్ల బండి. దసరా సెలవుల్లో ఇంటిల్లిపాదీ కేరళ పోదామని. నేను, మా ఆవిడ, ఆరేళ్ల పాప, మా అమ్మ (62 ఏళ్లు). చేతిలో ఐదు రోజులు.

ప్లాను ఇదీ: మొదటి రోజు తెల్లవారి మూడుకి బయల్దేరి రాత్రికి మున్నార్. రెండో రోజు మున్నార్ చూసుకుని సాయంత్రానికి తేక్కడి. మూడో రోజు అలెప్పీ, పడవ. నాలుగో రోజు వయనాడ్. ఐదో రోజు మైసూరు, బెంగళూరు మీదుగా ఇంటికి.

ఘాట్ రోడ్డు నాకు కొత్త కాదు. నెలకి రెండుసార్లయినా తిరుమల పోయొస్తా. కాబట్టి డ్రైవింగ్ గురించి భయం లేదు. రూటు, తిండి, రూములు, ఇవి చెప్తే చాలు.

బుల్లెట్_చంద్రగిరి – ఆదివారం రాత్రి 10:02

మూడుకి బయల్దేరితే సాయంత్రం టీ మున్నార్లోనే బ్రో. నేను పోయినేడు బండి మీద పన్నెండు గంటల్లో కొట్టినా. మధ్యలో రెండే రెండుసార్లు దిగినా. టెన్షన్ పడొద్దు, పో.

కొచ్చిలో_తెలుగోడు – ఆదివారం రాత్రి 10:31

నేను కాక్కనాడ్‌లో ఆరేళ్లుగా ఉంటున్నాను, ఊరు పుత్తూరు. ఏటా మూడు నాలుగుసార్లు ఈ దారిలోనే వస్తూ పోతూ ఉంటాను. అన్నా, ఏమీ అనుకోవద్దు, ఇది ప్లాను కాదు, కొరియర్ బండి డ్యూటీ.

కేరళ మ్యాపులో సన్నగా కనిపిస్తుంది, అందుకే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టు భ్రమ. మున్నార్ నుంచి తేక్కడి 90 కిలోమీటర్ల పైచిలుకు. మన నాయుడుపేట రోడ్డు మీద అయితే గంటన్నర. అక్కడ నాలుగు గంటలు పెట్టుకోండి. ఏలకుల తోటల మధ్య ఒక్క తిన్నని రోడ్డు ఉండదు. అలెప్పీ నుంచి వయనాడ్ అంటే పగలంతా కారులోనే. మీ అమ్మగారు కేరళలో చూసేది ముందు సీటు వెనక భాగం ఒక్కటే.

ఐదు రోజుల్లో రానూ పోనూ రెండు రోజులు తీసేయండి. మిగిలిన మూడు రోజుల్లో మున్నార్, వీలైతే తేక్కడి. అంతే. అలెప్పీ కావాలంటే ఎప్పుడైనా రైల్లో రండి, అక్కడికి కారెందుకు?

పాత_స్టీరింగు (తిరుపతి) – సోమవారం ఉదయం 5:50

బాబూ, నేను ముప్పై ఒక్క సంవత్సరాలు బస్సు తోలినాను, అందులో పద్నాలుగేళ్లు కొండ డ్యూటీనే. రిటైరై ఆరేళ్లయింది. నిద్ర మాత్రం ఇంకా నాలుగున్నరకే తెలివొస్తుంది, అందుకే ఈ టైములో రాస్తున్నా.

నీ పోస్టులో నాకు భయం వేసిన మాట ఒక్కటే. "తిరుమల పోతా కాబట్టి ఘాట్ తెలుసు". తిరుమల ఘాట్ తెలిసినంత మాత్రాన ఘాట్ తెలిసినట్టు కాదు. ఎందుకో చెప్తా. అక్కడ రోడ్లు రెండు. 1944లో వేసిన పాత రోడ్డు దిగడానికి, 1974లో వచ్చిన రెండో రోడ్డు ఎక్కడానికి. ఎదురు బండి అనేది లేదు. నువ్వు ఎనిమిది నెలలుగా ఘాట్ తోలినావు గానీ, మలుపు అవతల ఏముందో తెలియకుండా ఒక్కసారి కూడా తోలలేదు. దిగే రోడ్డులో 36 మెలికలు ఉన్నాయి, నిజమే. కానీ ఆ మెలికల్లో నువ్వు రోడ్డంతా వాడుకుంటావు. కుడి వైపు నుంచి లోపలికి కోస్తావు. నీకు తెలియకుండానే అలవాటైపోయి ఉంటుంది. నలభై నిమిషాల కంటే ముందు కిందికొస్తే ఫైన్ వేస్తారని నింపాదిగా దిగుతావు. ఆ భయం కూడా బయట ఉండదు.

మున్నార్ దారిలోని బోడిమెట్టు ఘాట్‌లో, మున్నార్లో మలుపు అవతల నుంచి ఏకంగా టూరిస్టు బస్సు వస్తుంది. అది తిరగాలంటే రోడ్డంతా కావాలి. నువ్వు లోపలికి కోసి పోయినావంటే దాని మూతికే పోతావు.

కాబట్టి రూటూ రూమూ తర్వాత. పోయే ముందు ఒక ఆదివారం భాకరాపేట ఘాట్ మీదుగా మదనపల్లె పోయి, హార్సిలీ హిల్స్ ఎక్కి దిగి రా. భాకరాపేటలో లారీలు ఎదురొస్తాయి. హార్సిలీలో రోడ్డు సన్నం, మలుపులు బిగువు, రెండు వైపులా బండ్లు. నాలుగు వేల అడుగుల పైన కొండ. ఒక్కసారి కాదు, అదే రోజు రెండుసార్లు ఎక్కి దిగు. రెండోసారి దిగేటప్పుడు నీకే తెలుస్తుంది నేనేం చెప్పినానో.

పీలేరు_పిల్ల – సోమవారం ఉదయం 8:15

పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. నేను డ్రైవింగ్ నేర్చుకున్నదే ఆ భాకరాపేట ఘాట్‌లో, మా నాన్న పక్కన కూర్చుని తిడుతుంటే. మున్నార్ పోయినప్పుడు మా వారికంటే నేనే బాగా తోలాను. (ఆయన ఇది చదవరులే.)

కొర్లగుంట_కుర్రోడు – సోమవారం ఉదయం 9:05

సార్, నిజంగా ఈ వన్ వే సంగతి నా బుర్రకే తట్టలేదు. హార్సిలీ పోయొస్తా. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఇంకేం చూసుకోవాలో కూడా చెప్పండి సార్.

పాత_స్టీరింగు – సోమవారం ఉదయం 11:20

మా డిపోలో ఒక మాట ఉండేది. ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగు. ఎక్కేటప్పుడు రెండో గేరు అడిగిన కొండ దిగేటప్పుడు కూడా రెండో గేరే అడుగుతుంది. ఇంజనే బండిని పట్టుకోవాలి, బ్రేకు ఊరికే సాయం. కొత్తోళ్లు మూడులోనో నాలుగులోనో పెట్టి బ్రేకు మీద కాలు తీయకుండా దిగుతారు. పది నిమిషాలకి ప్యాడ్లు కాలుతాయి, లోపల బ్రేక్ ఆయిల్ మరుగుతుంది, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. అప్పుడు దేవుడే. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే మహానుభావులు కూడా ఉన్నారు. వాళ్లకి నేను చెప్పేది ఏమీ లేదు.

మాడిన వాసన వస్తే వెడల్పుగా ఉన్న చోట ఓరకి ఆపు. అరగంట ఊరికే కూర్చో. చక్రం మీద నీళ్లు పోయొద్దు, కాలిన ఇనుము వంకరపోతుంది. చక్రం కింద రాయి పెడితే, పోయేటప్పుడు ఆ రాయి తీసి పక్కన పారెయ్. ఇది మాత్రం నా సొంత కోపం. ఘాట్‌లలో సగం రాళ్లు ఇట్లా వదిలేసి పోయినవే, రాత్రిపూట టూవీలర్లు వాటి మీదే పడతారు.

ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, రూలు కూడా. ఎక్కేవాడు ఆగితే మళ్లీ కదలడం కష్టం. మలుపుకి ముందే హారన్ ఒకసారి కొట్టు, మలుపులో కాదు. ఎదురు హారన్ వినబడాలంటే అద్దం రెండు వేళ్లు దించుకో, పాటలు ఆపు. బస్సు తిరుగుతా ఉంటే మలుపుకి ఇరవై అడుగుల ముందే ఆగిపో. ఆడదాకా పోయి ఆపితే నువ్వూ కదల్లేవు, వాడూ కదల్లేడు.

మొగిలిఘాట్_ట్రావెల్స్ (చిత్తూరు) – సోమవారం మధ్యాహ్నం 1:45

పెద్దాయనకి దండం. నేను పన్నెండేండ్లుగా సాములను శబరిమల తీసకపోతా ఉండా, వ్యాను. రూటు నేను చెప్తా.

తిరపతిలో నాలుక్కి లెయ్. కాణిపాకంలో టెంకాయ కొట్టుకో, కొత్తగా దూరం పోతా ఉండావు కాబట్టి. చిత్తూరు దాటి కాట్పాడి రోడ్లో క్రిస్టియన్‌పేట చెక్‌పోస్టు దాటినంక ట్యాంకు ఫుల్లు చెయ్. మన రాష్ట్రంలో ఒక్క లీటరు కూడా ఎక్కువ పోయించొద్దు, అరవనాడులో రేటు తక్కువని మన చిత్తూరోళ్లకి చెప్పాల్సిన పన్లేదు. వేలూరు, ఆంబూరు, వాణియంబాడి, కృష్ణగిరి. ఆడ ఎడమకి 44 నంబరు హైవే ఎక్కితే ధర్మపురి, సేలం. ధర్మపురి దాటినంక తొప్పూరు ఘాట్ వస్తాది. చూస్తే ఘాట్ మాదిరే ఉండదు. నాలుగు లైన్ల రోడ్డు, ఏటవాలుగా దిగతా ఉంటాది, మనకు తెలీకుండానే నూరు దాటతాది. లారీలకి బ్రేకులు పట్టక బోర్లా పడేది ఆడనే. లారీ యెనకాల అంటుకోని పోవద్దు, లారీ ముందర కూడా వద్దు.

సేలం నుంచి నామక్కల్, కరూర్, దిండిగల్, తేని. తేనిలో పండుకో. పొద్దున్నే బోడి మీదుగా బోడిమెట్టు ఎక్కు, 17 పెద్ద మలుపులు. పైకి పోతే కేరళ, ఏలక్కాయ తోటలు, పూపార, ఆడి నుంచి గ్యాప్ రోడ్డు మీద మున్నారు. మొత్తం 650 దాకా వస్తాది. ఇంకో దారి సేలం నుంచి తిరుప్పూరు, ఉడుమలపేట, చిన్నారు అడివి మీదుగా మరయూరు. రొంత దగ్గిర, చూడ్డానికి ఇంకా బాగుంటాది, కానీ అడివిలో రాత్రిపూట చెక్‌పోస్టు మూస్తారు. లేటయితే ఆడనే బిక్కమొగం ఏసుకోని కూర్చోవాల.

మాపటేల ఘాట్ ఎక్కేది మాత్రం వద్దు. ఎన్ని తూర్లు పోయినా నేనే ఎక్కను. మంచు దిగితే బానెట్టు కనపడదు.

పలమనేరు_పాలకోవా – సోమవారం మధ్యాహ్నం 2:10

ఆంబూరు దాటి పోతూ బిర్యానీ మాట ఎత్తలేదేంటి అన్నా?

మొగిలిఘాట్_ట్రావెల్స్ – సోమవారం మధ్యాహ్నం 2:14

సాములతో పోతా కదబ్బా. వాసన చూసేదే.

పలమనేరు_పాలకోవా – సోమవారం మధ్యాహ్నం 2:20

పాపం. సీరగ సాంబ బియ్యం, పక్కన పుల్లటి వంకాయ కూర. కుర్రోడన్నా, నాలుగుకి బయల్దేరితే ఏడుకి ఆంబూరులో ఉంటావు, అప్పటికి పొయ్యి కూడా వెలగదు. తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నానికి చేరేట్టు చూసుకో.

బుల్లెట్_చంద్రగిరి – సోమవారం సాయంత్రం 6:30

అందరూ కలిసి ఆయన్ని భయపెట్టేస్తున్నారు. నేను బోడిమెట్టు రాత్రి ఎనిమిదికి ఎక్కినా. ఏం కాలేదే. ఇంకా రాత్రిపూట ఎదురు బండి లైటు ముందే కనబడుతుంది, అదే సేఫ్.

పాత_స్టీరింగు – సోమవారం సాయంత్రం 7:05

నాయనా, లైటు కనబడేది మంచు లేనప్పుడు. మంచులో నీ లైటే నీ కళ్లలోకి తిరిగొస్తుంది. అప్పుడు డిమ్‌లో పెట్టి, కింద పసుపు లైట్లుంటే అవి వేసుకుని, రోడ్డు ఓర తెల్లగీత పట్టుకుని పాకాలి. ఒంటరిగా పోయేవాడి తెగువ వేరు. ఈయన వెనక సీటులో తల్లీ బిడ్డా ఉన్నారు. పైగా పన్నెండు గంటలు తోలిన కాలు, చెయ్యి అలిసిపోయే టైముకి అసలు పని మొదలవుతుంది. నీకేం కాలేదు, సంతోషం. అట్లే ఉండు.

బుల్లెట్_చంద్రగిరి – సోమవారం సాయంత్రం 7:12

సరే పెద్దాయనా. ఒప్పుకుంటా. ఒక మలుపులో అయితే దేవుడు కనిపించినాడులే.

కొచ్చిలో_తెలుగోడు – సోమవారం రాత్రి 9:50

దసరా అన్నారు కాబట్టి వానల సంగతి. మనకి తిరుపతిలో అసలు వానలు అక్టోబరు, నవంబరులోనే. జూన్, జూలైలో ఎండలే. అందుకే మనవాళ్లు జూలైలో ఇక్కడికొచ్చి ఇరుక్కుంటారు. కేరళకి వానలు రెండు విడతలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒకటి. అది పోయిందనుకునేలోపు అక్టోబరులో తులావర్షం మొదలు. ఇది పొద్దున ఎండ కాసి, మధ్యాహ్నం రెండు దాటాక ఉరుములతో దబదబా కురుస్తుంది. పొద్దున ఫోటోలు చూసి సాయంత్రం ఘాట్‌లో దిగితే అంతే సంగతులు.

ఈ కొండల్లో వాన అంటే తడవడం కాదు, కొండచరియలు. 2018 ఆగస్టు వరదలకి మున్నార్ దారులు తెగిపోయాయి. 2020 ఆగస్టులో మున్నార్ దగ్గరే పెట్టిముడిలో ఎస్టేటు లయాలు (కూలీల వరుస ఇళ్లు) రాత్రికి రాత్రే మట్టిలో కలిసిపోయాయి. 2024 జూలై 30న వయనాడ్ మీకు తెలిసిందే. గ్యాప్ రోడ్డులో కూడా కొండ విరిగి దారి మూసేసిన రోజులు చాలా ఉన్నాయి. వాతావరణ శాఖ మున్నార్ ఉండే ఇడుక్కి జిల్లాకి ఆరెంజ్ అలర్ట్ ఇచ్చిందంటే రూము డబ్బులు పోయినా సరే కింద ఊళ్లోనే ఆగిపోండి.

నన్నడిగితే దసరా మానేసి జనవరిలో రండి. చలి గట్టిగా ఉంటుంది, తెల్లారి గడ్డి మీద మంచు పేరుకునే రోజులు కూడా ఉంటాయి. స్వెటర్లు తప్పనిసరి. ఒక్కటే తిరకాసు, జనవరి 14 మకరజ్యోతి దాకా తేక్కడి పక్కనుండే కుమిళి దారి నిండా శబరిమల బండ్లే. జ్యోతి అయ్యాక, జనవరి 26 రద్దీకి ముందు, మధ్యలో ఒక వారం దొరుకుతుంది. అదే మంచి టైము. ఫిబ్రవరి, మార్చిలో అయితే ఇరవికుళం నేషనల్ పార్కు మూసేస్తారు, వరయాడ్లు (అక్కడి కొండమేకలు) ఈనే కాలం.

కొర్లగుంట_కుర్రోడు – మంగళవారం ఉదయం 8:30

ఇంట్లో చర్చ జరిగింది. దసరా క్యాన్సిల్, సంక్రాంతి తర్వాత. పాపకి స్కూలు నాలుగు రోజులు పోతుంది, మా ఆవిడ దానికి ఒప్పుకోవడమే పెద్ద విజయం. అమ్మకి ఘాట్‌లో కడుపులో తిప్పుతుంది, తిరుమలకే ప్లాస్టిక్ కవర్ పట్టుకుని కూర్చుంటుంది. దానికేదైనా చెప్పండి.

పీలేరు_పిల్ల – మంగళవారం ఉదయం 10:40

ఇది నా సబ్జెక్టు. అమ్మని ముందు సీటులో కూర్చోబెట్టండి, దూరంగా రోడ్డు వైపే చూడమనండి. ఫోను చూడటం, వెనక్కి తిరిగి మనవరాలితో మాట్లాడటం బంద్. మాత్ర వేసుకోవాలంటే డాక్టర్ని అడిగి ఘాట్‌కి ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేస్తే అది కూడా బయటికే. ఖాళీ కడుపూ వద్దు, పూరీ వడా వద్దు. రెండు ఇడ్లీలు. ఉప్పు రాసిన అల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటే మా అత్తకి పనిచేసింది. అన్నిటికంటే ముందు, తోలేవాళ్లు మలుపులో బ్రేకు కొట్టి మలుపు దాటాక జివ్వున లాగడం మానాలి. వాంతులకి సగం కారణం డ్రైవరే.

బాత్రూముల సంగతి ఎవరూ రాయరు కాబట్టి నేనే రాస్తా. ఘాట్ మొదలయ్యే ముందు, అవసరం ఉన్నా లేకున్నా, కింద పెట్రోలు బంకులో అందరినీ దింపండి. పైన గంటన్నర ఏమీ దొరకదు. అప్పుడే తేనిలో డీజిల్ కూడా నింపించండి.

తిండి: కొబ్బరినూనె వాసన మీ అమ్మగారికి రెండో రోజుకే మొహం మొత్తుతుంది. మట్ట బియ్యం అన్నం ఎర్రగా, ఉడికీ ఉడకనట్టు లావుగా ఉంటుంది, అది అంతే, ఉడకలేదని గొడవ పెట్టుకోవద్దు. నేను ఊరిబిండి, గోంగూర పచ్చడి, చిన్న రైస్ కుక్కరు తీసుకుపోయాను. హోటల్లో తాగడానికి గులాబీరంగు నీళ్లు ఇస్తే భయపడొద్దు, పతిముఖం అనే చెక్క వేసి కాచిన నీళ్లు. పుట్టు (ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి), కడల కూర (శనగల కూర) మాత్రం తిని తీరాలి.

కుప్పం_వాసి – మంగళవారం మధ్యాహ్నం 12:25

ఏనుగుల గురించి ఎవరూ అనలేదు. మా కుప్పం, పలమనేరు వైపు ఏనుగంటే పొలం తొక్కే చుట్టం. తిరుపతోళ్లకి వాహనసేవలో పట్టుబట్టలు కట్టుకున్న ఏనుగే తెలుసు. మున్నార్లో రోడ్డు మీదే అడవి ఏనుగులు తిరుగుతాయి, పడయప్ప అని పేరు పెట్టుకున్న మగ ఏనుగు ఒకటి అక్కడ మహా ఫేమస్. చిన్నకనాల్ దగ్గర ఇళ్లు పడగొట్టి బియ్యం తినే అరికొంబన్‌ని 2023 ఏప్రిల్‌లో మత్తిచ్చి వేరే అడవికి తరలించారు.

కనిపిస్తే వంద అడుగుల దూరంలోనే ఆగండి. హారన్ వద్దు, లైట్లు కొట్టొద్దు, దిగి సెల్ఫీ అసలే వద్దు. ఇంజను ఆపకుండా రివర్సుకి సిద్ధంగా ఉండండి. చెవులు ఆడిస్తూ మేస్తుంటే ప్రశాంతంగా ఉన్నట్టు. చెవులు విప్పార్చి అట్లే నిలబెట్టి మీ వైపు చూస్తే వెనక్కి పోవాల్సిన టైము దాటిపోతా ఉన్నట్టు.

నిర్వాహకుడు – మంగళవారం మధ్యాహ్నం 3:00

ఆంబూరు బిర్యానీ మీద వచ్చిన పదిహేడు పోస్టులు వేరే చర్చకి మార్చాను. ఇక్కడ దారి గురించే రాయండి.

కొచ్చిలో_తెలుగోడు – మంగళవారం రాత్రి 8:45

చిన్నచిన్నవి కొన్ని మిగిలాయి. ముందూ వెనకా అందరూ సీటు బెల్టు పెట్టుకోండి. 2023 జూన్ నుంచి రాష్ట్రమంతా 726 ఏఐ కెమెరాలు ఫైన్లు వేస్తున్నాయి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం గడువు చూసుకోండి. ఇరవికుళంలోకి మన కారు పోనివ్వరు, గేటు దగ్గర ఆపి అటవీ శాఖ బస్సు ఎక్కాలి, టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. కొలుక్కుమలై పోవాలంటే సూర్యనెల్లి నుంచి జీపే గతి, మీ కారుతో ప్రయత్నించొద్దు. ఎస్టేట్లలో సిగ్నల్ పోతుంది, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అది "ఇటు దగ్గర" అని టీతోటల్లోని మట్టిరోడ్డు చూపిస్తే నమ్మొద్దు. బస్సు పోయే దారే మన దారి. తిరుమలకి మాదిరే స్టీలు బాటిళ్లు తీసుకురండి.

భాషకి ఇబ్బంది లేదు. తోటల్లో పనిచేసేవాళ్లు ఎక్కువమంది తమిళులే. అరవం వచ్చిన చిత్తూరు జిల్లావాళ్లకి మున్నార్ సొంతూరే.

కొర్లగుంట_కుర్రోడు – ఆదివారం రాత్రి 8:10

హార్సిలీ పోయొచ్చా. పాత స్టీరింగు సార్, రెండో మలుపులోనే మీరు చెప్పింది జరిగింది. కుడికి కోసేశా, ఎదురుగా ఆటో. వాడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నాలుగోసారికి చెయ్యి దారికొచ్చింది.

పాత_స్టీరింగు – సోమవారం ఉదయం 5:15

ఆ ఆటోవాడికి ఒక టీ బాకీ ఉన్నావు.

కొర్లగుంట_కుర్రోడు – జనవరి 25, రాత్రి 10:30

పోయొచ్చాం. చెప్పినవాళ్లందరికీ బాకీ తీర్చుకోవాలి కాబట్టి కొంచెం వివరంగా రాస్తా.

తేనిలో పడుకుని పొద్దున ఏడుకి బోడి దాటాం. పదకొండో మలుపో పన్నెండో, పై నుంచి టూరిస్టు బస్సు. సార్ చెప్పినట్టు ముందే ఆగాను. బస్సు ఒక్కసారికి తిరగలేదు, వెనక్కి జరిగి మళ్లీ తిరిగింది. దాని వెనక భాగం నా బానెట్టు మీద నుంచి పోయినట్టే అనిపించింది. నా వెనక కారువాడు ఒకటే హారన్. బస్సు డ్రైవరు చెయ్యెత్తి నాకు సలాం చేసి పోయాడు. ఇన్నాళ్ల డ్రైవింగులో నాకొచ్చిన మొదటి సర్టిఫికెట్ అది.

మున్నార్ అంటే మూడు ఏర్లు అని, ముదిరపుళ, నల్లతణ్ణి, కుండల కలిసే చోటని పాపకి చెప్తే మూడోది ఏదని బ్రిడ్జి మీద నిలబెట్టేసింది. ఇరవికుళంలో వరయాడ్లు మన మేకల్లాగే పక్కకొచ్చి నిలబడ్డాయి. ఆనముడి (2,695 మీటర్లు) దూరం నుంచి చూశాం. నీలకురింజి 2018లో పూసింది, మళ్లీ 2030లోనట. అప్పుడు కారు నేను తోలతా అంటోంది పాప.

అమ్మ ముందు సీటు, అల్లం ముక్క. ఒక్క వాంతి లేదు! పీలేరక్కా, మా అమ్మ మీకు ఆశీస్సులు చెప్పమంది. కానీ ఆమెతో ఒక తమాషా. దారిలో హోటల్లో కాఫీ చప్పగా ఉందని బెల్లం అడిగింది, మూడుసార్లు గట్టిగా. వాడు మూడు గ్లాసుల వేడినీళ్లు తెచ్చిపెట్టాడు. మలయాళంలో నీళ్లని వెళ్ళం అంటారని తర్వాత తెలిసింది. అవీ గులాబీరంగు నీళ్లే.

ఇప్పుడు అసలు సంగతి. తేక్కడి నుంచి తిరుగు ప్రయాణంలో కుమిళి నుంచి కంబం వైపు దిగుతున్నాం. (మన ప్రకాశం జిల్లా కంభం కాదు.) రెండో గేరులోనే ఉన్నా. అయినా సగం దూరం వచ్చాక అమ్మ "కుక్కరు అడుగంటిన వాసన వస్తా ఉంది రా" అంది. పెద్ద నీళ్ల పైపులు కొండ మీద నుంచి దిగుతుంటాయే, అవి కనిపించే చోట ఓరకి ఆపేశా. ఎడమ ముందు చక్రం దగ్గరికి చెయ్యి పెడితే సెగ. నలభై నిమిషాలు కూర్చున్నాం. రాయి పెట్టా, తీసి పారేశా కూడా.

కంబంలో మెకానిక్ చక్రం విప్పి చూపించాడు. ప్యాడ్ అరిగిపోయి రేకుకి ఆనుకుని ఉంది. బయల్దేరే ముందు తిరుపతిలో ఒక షెడ్డులో కొత్త ప్యాడ్లు వేశామని బిల్లు తీసుకున్నారు. కుడి వైపు మాత్రమే వేశారు! షెడ్డు పేరు ఇక్కడ రాయను, పోయి మాట్లాడుకుంటా. మీరు మాత్రం పాత ప్యాడ్లు చేతికి ఇమ్మని అడిగి తీసుకోండి. నాలుగు ముక్కలు, లెక్కపెట్టి.

కంబం మెకానిక్ షెడ్డు గోడ మీద తెల్లదొర ఫోటోకి పూలదండ. ఎవరని అడిగితే ముల్లపెరియార్ డ్యాం కట్టిన పెన్నీక్విక్. 1895లో ఆ డ్యాం పూర్తయ్యాక పడమటికి పోయే నీళ్లు సొరంగంలోంచి ఇటు తిరిగాయట, ఆ కొండ మీది పైపుల్లో దిగేది అవే. ఈ ద్రాక్షతోటలూ వరిపొలాలూ అన్నీ ఆయన చలవే అన్నాడు. గోదావరి జిల్లాల్లో కాటన్ దొర లాగ అన్నమాట. ఆ కథ చెప్తూనే ప్యాడ్లు మార్చేశాడు. రెండు కిలోల నల్లద్రాక్ష కొనుక్కుని బయల్దేరాం.

ఆంబూరుకి మధ్యాహ్నం రెండుకి చేరాం. పాలకోవా తమ్ముడూ, వంకాయ కూర గురించి నువ్వు తక్కువే చెప్పావు.

పాత_స్టీరింగు – జనవరి 26, ఉదయం 5:30

వాసన పట్టింది మీ అమ్మ. ఇకనుంచి ముందు సీటు ఆమెదే.

మదనపల్లె_మాస్టారు – జనవరి 26, ఉదయం 9:10

మొత్తం చదివాను, చాలా ఉపయోగంగా ఉంది. మేము వేసవిలో వాల్పారై అనుకుంటున్నాం, ఆళియార్ నుంచి నలభై మలుపులట. కారు కొత్తది. నెలకోసారి తిరుమల పోయొస్తుంటాం కాబట్టి ఘాట్ అలవాటే. రూములు ఎక్కడ బాగుంటాయి?

కొర్లగుంట_కుర్రోడు – జనవరి 26, ఉదయం 9:14

మాస్టారూ, హార్సిలీ మీ ఇంటి పక్కనే కదా?